ఇనుముకు కుట్లు: పోత ఇనుప కట్టడాల బాహ్య పునరుద్ధరణ

పాత కట్టడాల సంరక్షణ అనగానే మనకు రాతి గుళ్లు, కోట గోడలు, డంగుసున్నపు మేడలు గుర్తుకు వస్తాయి. ఇనుముతో కట్టిన భవనం కూడా చారిత్రక సంపదే అంటే వెంటనే ఒప్పుకునేవారు తక్కువ. రాయి పాతబడితే శిల్పం అంటాం, ఇనుము పాతబడితే తుక్కు అంటాం. ఈ దృష్టి వల్లనే పంతొమ్మిదో శతాబ్దంలో లేచిన ఎన్నో ఇనుప కట్టడాలు కిలోల లెక్కన అమ్ముడుపోయాయి.

అట్లా పోకుండా నిలిచిన వాటిని ఎట్లా బాగుచేస్తారు? పగిలిన ఇనుము మళ్లీ అతుకుతుందా? అతికినా అది నమ్మదగినదేనా? ఈ ప్రశ్నలకు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనపు గుమ్మటాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుని, జవాబులను స్థూలంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంజనీరింగు విద్యార్థులకే కాదు, చరిత్ర, రసాయన శాస్త్రం చదివేవారికి కూడా ఇందులో పనికివచ్చే విషయాలున్నాయి.

పోత ఇనుము స్వభావం

ఇనుములో కలిసి ఉండే కర్బనాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది. చేత ఇనుములో కర్బనం బహు స్వల్పం. అందుకే దాన్ని కమ్మరి కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి, కావలసినట్లు వంచగలడు. పోత ఇనుములో కర్బనం నూటికి 2 నుంచి 4 పాళ్ల దాకా ఉంటుంది. దీన్ని కొడితే వంగదు, పగులుతుంది. పోత పెనం చేయి జారి గచ్చు మీద పడితే సొట్ట పడకుండా రెండు ముక్కలు కావడానికి కారణం ఇదే. కిరాణా కొట్లో తూకపు రాళ్లు, రోడ్డు మీద మురుగు గుంటల మూతలు, ఆయిల్ ఇంజను బ్లాకులు, ఇవన్నీ ఈ జాతివే.

కొట్టడానికి లొంగకపోయినా కరిగించడానికి పోత ఇనుము చాలా అనుకూలం. ఉక్కు కరగాలంటే దాదాపు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. పోత ఇనుము 1,200 డిగ్రీల లోపే నీరై మూసలో మూలమూలకూ పారుతుంది. కనుక లతలు, ఆకులు, సింహముఖాలు, ఏ నగిషీ అయినా ఒక కొయ్య నమూనా ఉంటే చాలు, ఇసుక మూసల్లో వందల కొద్దీ పోసుకోవచ్చు. రాతి శిల్పికి నెలలు పట్టే పని ఫౌండ్రీలో రోజుల్లో అయిపోయేది.

మరొక ముఖ్య లక్షణం గుర్తుంచుకోవాలి. పోత ఇనుము అణచివేతకు బాగా నిలుస్తుంది, లాగుడుకు నిలవదు. సాధారణ పోత ఇనుము లోపల కర్బనం సన్నని గ్రాఫైటు రేకులుగా పరుచుకుని ఉంటుంది. నెత్తిన బరువు పెట్టినప్పుడు ఆ రేకుల వల్ల ఇబ్బంది లేదు. లాగినప్పుడు, వంచినప్పుడు మాత్రం ప్రతి రేకూ ఒక చిన్న పగులులాగా పనిచేస్తుంది. అందుచేత స్తంభానికి ఇది మంచి లోహం, దూలానికి అంత మంచిది కాదు.

ఇనుప భవనాల కాలం

ఇంగ్లండులో సెవర్న్ నది మీద 1779లో నిలబెట్టిన వంతెన పోత ఇనుముతో కట్టిన తొలి పెద్ద వంతెన. 1851లో లండన్ ప్రదర్శన కోసం లేచిన క్రిస్టల్ ప్యాలెస్ ఇనుము, గాజు కలిస్తే ఏమవుతుందో లోకానికి చూపింది. అమెరికాలో జేమ్స్ బొగార్డస్, డేనియల్ బాడ్జర్ వంటివారు భవనం ముఖభాగం మొత్తాన్ని ముక్కలుగా పోతపోసి, బోల్టులతో బిగించి నిలబెట్టే పద్ధతిని వ్యాపారంగా మార్చారు. న్యూయార్క్ బ్రాడ్వేలో 1857లో కట్టిన హావౌట్ భవనం వీటిలో పేరుపొందినది. ప్రయాణికుల కోసం ఓటిస్ అమర్చిన తొలి లిఫ్టు కూడా ఆ భవనంలోనే నడిచింది.

తమాషా ఏమిటంటే, ఈ భవనాలు చూడడానికి ఇనుపవిలా ఉండవు. పాలరాయిలాగానో ఇసుకరాయిలాగానో కనబడేటట్లు రంగు వేసేవారు. కొన్ని చోట్ల రాతి గరుకుదనం రావడానికి రంగులో ఇసుక కూడా కలిపేవారు. ఈ కట్టడాల రక్షణకు 1970లో ఒక సంఘం స్థాపించిన మార్గట్ గేల్ అనే మహిళ, తన వెంట వచ్చేవారికి చిన్న అయస్కాంతాలు పంచిపెట్టేది. గోడకు ఆనించి అంటుకుంటే ఇనుము, జారిపోతే రాయి! ఆమె వంటివారి కృషి ఫలితంగా 1973లో న్యూయార్క్‌లోని సోహో ప్రాంతాన్ని పోత ఇనుప చారిత్రక ప్రాంతంగా ప్రకటించారు.

జబ్బు ఎక్కడ మొదలవుతుంది?

పోత ఇనుప కట్టడానికి శత్రువు ఎవరంటే ఒకటే జవాబు: నీరు. రంగు పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఇనుముకు ఢోకా లేదు. ఎక్కడో ఒక అతుకు దగ్గర లప్పం ఎండి రాలుతుంది. ఆ సందులోంచి వానచుక్క లోపలికి దిగుతుంది. అక్కడ గాలి ఆడదు, ఎండ తగలదు. తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు పలకల మధ్య సందులో అది పెరిగితే, రాతి సందులో రావి మొక్క వేరు ఊరినట్లే, పలకలను బయటికి నెడుతుంది. నెట్టడమంటే లాగుడు బలమే కదా. లాగుడుకు నిలవని లోహం అక్కడ పగులుతుంది. ఆ పగులులోంచి మరింత నీరు దిగుతుంది.

రెండో కారణం ఎండ, చలి. పోత ఇనుము ఒక డిగ్రీ వేడికి తన పొడవులో సుమారు లక్షో వంతు పెరుగుతుంది. 30 మీటర్ల పొడవున్న ఇనుప భాగాన్ని తీసుకుందాం. చలికాలపు రాత్రికి, వేసవి మధ్యాహ్నానికి మధ్య 40 డిగ్రీల తేడా ఉంటే అది 12 మిల్లీమీటర్ల పైచిలుకు సాగి ముడుచుకుంటుంది. ఈ కదలికకు అతుకుల్లో చోటు లేకపోతే మళ్లీ పగులే.

మూడోది కంటికి కనబడని జబ్బు. ఉప్పునీరు, ఆమ్లపు వాన దీర్ఘకాలం తగిలితే పోత ఇనుములోని ఇనుము మాత్రం కరిగిపోయి గ్రాఫైటు అస్థిపంజరం మిగులుతుంది. ఆకారం మారదు, నగిషీ చెరగదు, రంగు వేస్తే కొత్తదానిలాగే ఉంటుంది. చాకుతో గీకితే పెన్సిలు ములుకులా రాలుతుంది. అందుకే పరీక్షించేవారు కంటిని మాత్రమే నమ్మరు. సుత్తితో మెల్లగా తట్టి ధ్వని వింటారు, అనుమానం వచ్చిన చోట గీకి చూస్తారు.

వాషింగ్టన్ గుమ్మటం

కాపిటల్ భవనానికి మొదట ఉన్నది కొయ్యతో కట్టి రాగి రేకు తొడిగిన పొట్టి గుమ్మటం. భవనాన్ని ఇరువైపులా విస్తరించాక అది మరీ చిన్నదిగా కనిపించింది. వాస్తుశిల్పి థామస్ వాల్టర్ దాని స్థానంలో పెద్ద గుమ్మటం ఒకటి గీశాడు. 1855లో ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. అంత ఎత్తైన దాన్ని రాతితో కడితే కింది గోడలు మోయలేవు, కొయ్యతో కడితే నిప్పు భయం. అందుకని పోత ఇనుము. న్యూయార్క్‌కు చెందిన జేన్స్, ఫౌలర్, కర్ట్‌లాండ్ కంపెనీ పౌను 7 సెంట్ల చొప్పున ఇనుప పని చేసిపెట్టడానికి ఒప్పందం చేసుకుంది. 1861లో అంతర్యుద్ధం వచ్చి చెల్లింపులు ఆగిపోయినా, తెచ్చి కుప్పపోసిన ఇనుము పాడవుతుందన్న భయంతో కంపెనీ తన సొంత పూచీ మీద పని సాగించింది. 1863 డిసెంబరు 2న శిఖరాన స్వేచ్ఛా ప్రతిమ నిలిచింది. ఆ కంచు విగ్రహాన్ని పోతపోయడంలో ప్రధాన పాత్ర వహించిన ఫిలిప్ రీడ్ అప్పటిదాకా బానిసగా బతికినవాడు. 1862లోనే అతనికి విముక్తి లభించింది. మొత్తం పని 1866 నాటికి పూర్తయింది.

ఇందులో వాడిన ఇనుము 89 లక్షల పౌన్లు, అంటే సుమారు 4,000 టన్నులు. విగ్రహంతో కలిపి ఎత్తు దాదాపు 288 అడుగులు. నిజానికి ఇవి రెండు గుమ్మటాలు. లోపలి చిప్ప వేరు, బయటి చిప్ప వేరు. మధ్యలో పక్కటెముకల్లాంటి 36 ఇనుప కమానులు. దూరం నుంచి చూసేవారికి ఇది తెల్లని రాతి గుమ్మటం.

1959-60లో ఒకసారి సమగ్రంగా బాగుచేశారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు పైపై రంగులతోనే గడిచింది. ఈ శతాబ్ది ఆరంభంలో నిశితంగా పరిశీలించినప్పుడు వెయ్యికి పైగా పగుళ్లు, లోపాలు బయటపడ్డాయి. నగిషీలు ఊడుతున్నాయి. నీరు సందుల్లోంచి లోపలికి చేరుతున్నది. దేశానికి చిహ్నంగా నాణాల మీద, నోట్ల మీద కనబడే కట్టడం లోపల ఇట్లా ఉందని కింద నిలబడి ఫోటోలు తీసుకునేవారికి తెలియదు.

చికిత్స

గుమ్మటం అడుగు అంచుకు సంబంధించిన పని 2012 నాటికి ముగిసింది. బయటి భాగమంతటికీ 2014లో పరంజా వేయడంతో అసలు పని మొదలైంది. ఆ పరంజా గొట్టాలన్నీ వరసగా పేరిస్తే దాదాపు 52 మైళ్లు వస్తాయి. చట్టసభలు మామూలుగా జరుగుతూనే ఉన్నాయి. లోపల నడిచేవారి నెత్తిన ఏదీ పడకుండా మధ్య మండపంలో గుండ్రని తెల్లని పందిరి కట్టారు. పనిని దశలవారీగా చూద్దాం.

మొదటిది శుభ్రం చేయడం. ఏళ్ల తరబడి పేరుకున్న రంగు పొరల్లో సీసం ఉంది. సీసం విషం గనుక పనిచేసే చోటును తెరలతో మూసి, ధూళి బయటికి పోకుండా చూసి, నిపుణులు ఒత్తిడితో గరుకు రేణువులు చిమ్మి రంగునూ తుప్పునూ వొలిచారు. ఒకటి గమనించాలి. ఇట్లా వొలిచిన ఇనుము చంటిబిడ్డ వంటిది. గాలిలో తేమ తగిలితే చాలు, గంటల్లో మళ్లీ తుప్పు పొర కడుతుంది. అందుచేత ఆ రోజుకు ఎంత మేర ప్రైమరు వేయగలరో అంత మేరే వొలవాలి. శుభ్రం చేసిన కొద్ది గంటల్లోపే మొదటి పూత పడాలి.

రెండోది పగుళ్లు అతకడం. ఇక్కడే అసలు చిక్కు. వెల్డింగు చేయవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. ఆయిల్ ఇంజను బ్లాకు పగిలినప్పుడు వెల్డింగు పెట్టించిన రైతునడిగితే జవాబు తెలుస్తుంది. అతుకు నిలుస్తుంది గాని దాని పక్కనే ఇంకో పగులు వస్తుంది. ఎందుకంటే వెల్డింగు ఒక్క చోటనే విపరీతమైన వేడి పుట్టిస్తుంది. ఆ చోటు ఉబ్బుతుంది, చుట్టుపక్కల ఇనుము ఉబ్బదు. చల్లారేటప్పుడు అతుకు అంచు గాజులాగా గట్టిపడి పెళుసవుతుంది. చిన్న ముక్కనైతే కొలిమిలో మొత్తంగా కాల్చి, అతికి, బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లార్చవచ్చు. 4,000 టన్నుల గుమ్మటాన్ని ఏ కొలిమిలో పెడతాం?

కాబట్టి వేడి లేకుండా అతికే పద్ధతిని ఎంచుకున్నారు. దీన్ని లోహపు కుట్టు అంటారు. గాయానికి డాక్టరు కుట్లు వేసినట్లే ఉంటుంది. పగులు గీత వెంబడి డ్రిల్లుతో ఒక రంధ్రం చేసి, ట్యాపుతో మరలు కోసి, అందులో ఒక లోహపు చీల బిగిస్తారు. దాని పక్కనే, మొదటి చీల అంచును కొంచెం కొరుకుతూ, రెండో రంధ్రం చేసి మరో చీల బిగిస్తారు. ఇట్లా చీలలు ఒకదానినొకటి పట్టుకుంటూ పగులు పొడవునా బారుతీరుతాయి. ఇందులో కిటుకంతా మరల ఆకారంలో ఉంది. మామూలు స్క్రూ మరలు బిగించేకొద్దీ రంధ్రపు గోడలను బయటికి నెడతాయి. పగులు పెద్దదవుతుంది. ఈ చీలల మరలు కొక్కేల్లాగా ఉండి గోడలను లోపలికి లాగుతాయి. ఆ తర్వాత పగులుకు అడ్డంగా అక్కడక్కడా బలమైన లోహపు పట్టీలు దిగేసి రెండు వైపులనూ విడిపోకుండా బంధిస్తారు. చివరకు పైన మిగిలిన చీలల తలలు కోసి నున్నగా అరగదీస్తే, రంగు పడ్డాక కుట్టు ఎక్కడుందో కనిపెట్టడం కష్టం.

మూడోది కొత్త పోతలు. పూర్తిగా శిథిలమైన నగిషీలను విప్పి యూటా రాష్ట్రంలోని పోతశాలకు పంపి, వాటిని చూసి కొత్తవి పోయించారు. పాత ముక్కనే నమూనాగా పెట్టి మూస తీస్తే సరిపోదా? సరిపోదు. కరిగిన ఇనుము గడ్డకట్టి చల్లారేటప్పుడు పొడవులో సుమారు నూటికి ఒక పాలు ముడుచుకుంటుంది. మీటరు పొడవుకు ఒక సెంటీమీటరు తక్కువ వస్తుంది. అప్పుడు బోల్టు రంధ్రాలు కలవవు. అందుకని నమూనా చేసేవాడు ఆ మేరకు పెంచి చేయాలి. నమూనా పనివాడి దగ్గర ఉండే ప్రత్యేకమైన కొలబద్దలో ఈ పెంపు ముందే కలిసి ఉంటుంది.

చివరిది అతుకులు, రంగు. ప్రతి సందును శుభ్రం చేసి, కదలికకు తగ్గట్టు సాగే లప్పం నింపి, వాననీరు నిలవకుండా బయటికి పోయే దారులు సరిచేశారు. పైన పూతల మీద పూతలుగా రంగు వేశారు. బాహ్య పునరుద్ధరణకు అయిన ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు. 2016 చివరికి పరంజా దిగిపోయింది. 2017 జనవరిలో జరిగిన అధ్యక్ష ప్రమాణ స్వీకారానికి గుమ్మటం తెల్లగా సిద్ధమైంది. చూసినవారికి కొత్తగా కనబడింది గాని, అందులోని ఇనుములో అత్యధిక భాగం 1860ల నాటిదే. ఈ పనిలో గొప్పతనం అక్కడే ఉంది.

చేయగూడని పనులు

పునరుద్ధరణ పేరిట జరిగే అపకారాలు కూడా తెలుసుకోవాలి. గుల్ల స్తంభం కదిలిందని లోపల సిమెంటు కాంక్రీటు పోస్తారు. అది తేమను పట్టి ఉంచి ఇనుమును లోపలి నుంచి తినిపిస్తుంది. నీరు బయటికి పోవడానికి పూర్వులు వదిలిన చిన్న రంధ్రాలను లోపం అనుకుని మూసేస్తారు. ఊడిన ఇనుప ముక్క స్థానంలో తేలికని అల్యూమినియం పెడతారు. రెండు లోహాలు తగిలిన చోట తేమ చేరితే చిన్న విద్యుత్ ఘటంలాగా పనిచేసి వాటిలో ఒకటి హరించుకుపోతుంది. పైగా ఎండకు అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది. ఫైబర్‌గ్లాసు నగిషీలు దూరానికి బాగానే ఉంటాయి గాని బరువు మోయవు, నిప్పుకు నిలవవు. అన్నిటికంటే సాధారణమైన పొరపాటు తుప్పు మీదనే రంగు కొట్టడం. అది జబ్బును దాచుతుందే గాని ఆపదు.

పోయినది ఒకటి, ఊగిసలాడుతున్నది ఒకటి

న్యూయార్క్‌లో బొగార్డస్ 1849లో కట్టిన లెయింగ్ స్టోర్స్ అనే ఇనుప భవనం ఉండేది. కొత్త నిర్మాణాలకు చోటు కోసం 1971లో దాన్ని విప్పవలసి వచ్చింది. ముఖభాగపు పలకలన్నీ జాగ్రత్తగా విప్పి, కొత్తగా రాబోయే ఒక కళాశాల భవనానికి అమర్చాలని దాచిపెట్టారు. 1974లో దొంగలు వాటిలో చాలా భాగం ఎత్తుకుపోయి తుక్కు కింద అమ్మేశారు. మిగిలినవాటిని మరో చోటికి చేర్చారు. 1977లో చూస్తే అవీ లేవు. ఒక భవనం మొత్తాన్ని దొంగిలించడం విడ్డూరంగా తోచవచ్చు. కాని ఇనుమును తుక్కుగా చూసే లోకంలో అది విడ్డూరం కాదు.

మన దేశంలోనూ ఇటువంటి పరీక్ష ఎదుర్కొంటున్న కట్టడం ఉంది. బొంబాయి కాలాఘోడా ప్రాంతంలోని వాట్సన్ హోటలు 1867-69 మధ్య కట్టినది. దీని రూపకర్త రోలాండ్ మేసన్ ఆర్డిష్. ఇనుప భాగాలన్నీ ఇంగ్లండులో తయారై ఓడల్లో వచ్చాయి. 1896 జూలై 7న లూమియేర్ సోదరుల చలనచిత్రాలు మన దేశంలో మొదటిసారి ప్రదర్శించినది ఇక్కడే. తెలుగు సినిమాతో సహా భారతీయ సినిమా అంతా ఆ సాయంత్రానికి ఎంతోకొంత రుణపడి ఉంది. తర్వాతి కాలంలో ఎస్ప్లనేడ్ మాన్షన్ అన్న పేరుతో అద్దె గదుల సముదాయంగా మారి, పట్టించుకునేవారు లేక శిథిలమైంది. 2005లో ఒక పక్క బాల్కనీ కూలి ప్రాణనష్టం జరిగింది. అదే ఏడు ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలో దీని పేరు చేరింది. 2019 నాటికి ఉన్నవారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. ఇక బాగుపడదు, కూల్చడమే మేలని ఒక వాదన. చట్రం దక్కించుకోవచ్చని మరొక వాదన.

ఈ వాదంలో రెండు వైపులా బరువుంది. మనుషుల ప్రాణం కంటే కట్టడం ఎక్కువ కాదు. కాపిటల్ గుమ్మటానికి ఒక దేశపు ఖజానా అండగా ఉంది, అద్దెలు రాని పాత భవనానికి ఎవరున్నారు? అయితే ఒక్క మాట మాత్రం నిజం. పగిలిన పోత ఇనుము ఇక పనికిరాదని నిపుణులు సైతం అనుకున్న రోజులు పోయాయి. వెయ్యికి పైగా పగుళ్లను వేడి తగలకుండా అతకవచ్చునని గుమ్మటం రుజువు చేసింది. కనుక "బాగుచేయడం అసాధ్యం" అని ఎవరైనా చెప్పినప్పుడు, అసాధ్యమైనది అతకడమా, దానికి డబ్బు, ఓపిక సమకూర్చడమా అని విడదీసి అడగడం చదువుకున్నవారి బాధ్యత.

ముగింపు

పైన చెప్పినదంతా క్రోడీకరిస్తే మూడు సూత్రాలు తేలుతాయి. పదార్థం స్వభావాన్ని తెలుసుకున్నాకే దాని మీద చేయి వేయాలి. సాధ్యమైనంత పాత ఇనుమును నిలిపి, తప్పనిచోటనే కొత్తది పెట్టాలి. కుట్టినా, పోసినా, పూసినా చివరికి నీటిని దూరంగా ఉంచకపోతే అంతా వృథా. మూడో సూత్రానికి కోట్ల డాలర్లు అక్కర్లేదు. సకాలంలో ఒక లప్పం ముద్ద, ఒక రంగు పూత, వానాకాలం ముందు నీటి తూములు శుభ్రం చేసే ఒక మనిషి చాలు.

మన పాత రైల్వే ప్లాట్‌ఫారాల స్తంభాలు, పాత మేడల మరమెట్లు, వీధి దీపాల కంబాలు, వరండా కటకటాలు, ఇవి చాలా వరకు పోత ఇనుమువే. వాటి మీద పోతశాల పేరు, సంవత్సరం అచ్చై ఉండడం కూడా కద్దు. మన విద్యార్థులు సెలవుల్లో తమ తమ ఊళ్లలో ఇటువంటివి ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో చూసి, కొలతలతో, ఫోటోలతో ఒక పట్టిక తయారు చేయగలిగితే అదొక మంచి ప్రాజెక్టు అవుతుంది. దానికి కావలసిన పరికరాలు పెద్దవేమీ కావు. ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఒక చిన్న అయస్కాంతం.